చిటికెన వేలు

నీళ్లు ముట్టలేదు, టీ ఒక్కటే తాగాను, అదీ సగమే, అయినా ఇట్లా అయింది చూడు. నిజాంపేటలో కారెక్కినప్పుడు అంతా మామూలే, జేఎన్‌టీయూ మలుపు దగ్గరా మామూలే, హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ బ్రిడ్జి కింది నుంచి ఇవతలికి వచ్చామో లేదో బండ్లన్నీ ఆగిపోయాయి. అప్పుడు మొదలైంది పొత్తికడుపులో చిన్న బరువు, ఎవరో వచ్చి వరండాలో కూర్చున్నట్టు. ఇప్పుడు వాళ్లు లేచి తలుపు తడుతున్నారు. ముందు ఇసుక లారీ, లారీ పక్కనుంచి పొగ, పొగ కింద మూడు రాళ్ల పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు, రోడ్డుకు అడ్డంగా పరిచిన జంపఖానాల మీద జనం. వంటావార్పు. సకల జనుల సమ్మె మొదలైన నాటి నుంచి ఊరంతా ఇదే, ఒక్కోరోజు ఒక్కో రోడ్డు, రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, తిన్నవాళ్లు చేతులు కడుక్కుని లేచేదాకా బండి కదలదు. కోపమా అంటే కోపం కాదు. తెలంగాణ రావాలని నాకు లేదా, జనగామ దాన్ని, మొన్న కూకట్‌పల్లిలో మానవహారం కడితే నేనూ ఎవరో తెలియని ఆవిడ చేయి పట్టుకుని ఎండలో నిలబడ్డాను, గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. కానీ ఇవాళ, ఈ ఒక్క పూట, ఈ ఒక్క రోడ్డు వదిలేస్తే మీ సొమ్మేం పోయేదమ్మా? మా కంపెనీ కారు నడిపే మొగిలి దిగి వెళ్లి చూసొచ్చాడు. "అన్నం దించిన్రు మేడం, పప్పు ఇంక ఎక్కియ్యలె," అన్నాడు, పెళ్లివారింటి కబురు తెచ్చినట్టు. పప్పు ఇంకా ఎక్కించలేదట. కందిపప్పు. నేను కాళ్లు రెండూ దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాను.

ఆ పప్పు ఉడికేలోపు మాదాపూర్‌లో, మా ఆఫీసులో, పన్నెండు కొడుతుంది. పన్నెండింటికి మా ప్రోగ్రామర్ సాయిచంద్ బడిపిల్లల కోసం మేం చేసిన గేమ్‌ను మూసేసి డిస్కుల మీదికి ఎక్కించాలి, సమ్మె అయిపోయి బళ్లు తెరిచిన రోజున ఆ డిస్కులు బళ్లకు పోతాయి. మూసే ముందు చివరి లెవెల్ కోసెయ్యమని సీతారామయ్యగారి మాట. సీతారామయ్యగారు మా కంపెనీ యజమాని, తెనాలి మనిషి, చెడ్డవారేం కాదు, సమ్మె రోజుల్లో ఆఫీసుకు రాలేకపోయినవాళ్లను ఒక్కమాట అనలేదు, కానీ ఆయనకు కొన్ని మాటలు నోటికి రావు. మేం చేసింది ఎనిమిదో తరగతి జీవశాస్త్రం, విసర్జక వ్యవస్థ. చిట్టి అని ఒక అమ్మాయి, రెండు జడలు, నీలం లంగా, తెల్ల చొక్కా. ఆడే పిల్ల తెరమీది గ్లాసును నొక్కితే చిట్టి నీళ్లు తాగుతుంది, ఆ తాగిన నీటిచుక్కే మనం. పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మూత్రపిండంలోకి, అక్కడ సన్నటి జల్లెడ, పనికొచ్చే చక్కెరనూ ఉప్పునూ పట్టుకుని వెనక్కి అందించాలి, యూరియాను పోనివ్వాలి, పొరపాటున చక్కెరను వదిలేస్తే చిట్టి నీరసంగా తల బల్లమీద పెట్టేస్తుంది. ఆ తర్వాత గొట్టంలోంచి జారి మూత్రాశయంలోకి. తెర కుడిపక్కన నీలం గీత, అది నిండుతున్నకొద్దీ పైకెక్కుతుంది, నిండిపోతే గంట మోగుతుంది. చిట్టి క్లాసులో ఉంది, టీచర్ పాఠం చెబుతోంది, అప్పుడేం చెయ్యాలి? చిటికెన వేలు ఎత్తాలి. మనం బళ్లో ఎత్తినట్టే. ఎత్తి, అడిగి, వరండా దాటి, పోయి, వచ్చి, మళ్లీ ఒక గ్లాసు తాగాలి. అదే చివరి లెవెల్. "కిడ్నీ దాకా అద్భుతమండీ రేణుక గారూ, ఆ చివర మాత్రం మర్యాదగా ఉండదు కదండీ, బాలికలు ఆడేది," అన్నారు నిన్న. ఆ చివర. ఆ విషయం. ఆ నీలం గీత సంగతి. ఇన్ని నెలల్లో ఆయన దాన్ని ఒక్కసారి పేరుపెట్టి పిలవలేదు. బాలికలు ఆడేది కాబట్టే సార్ అన్నాను. రేపు మాట్లాడదామండీ అన్నారు. ఫోన్లో అయితే "అలాగేనండీ, చూద్దామండీ" అని పెట్టేస్తారు, ఎదురుగా కూర్చుని చెబితే మాత్రం వింటారు, అందుకే ఈ ప్రయాణం. చెప్పాల్సిన మాటలన్నీ పొద్దున స్నానం చేస్తూ వరసగా పేర్చుకున్నాను. ఇప్పుడొక్కటీ గుర్తుకు రావడం లేదు, మెదడు మొత్తం కిందికి దిగిపోయి కూర్చుంది.

రెండు కండరాలు. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి చెప్పి గొంతు పాడుచేసుకుని ఈ గేముల పనిలోకి వచ్చినదాన్ని, నాకు తెలియనిదేముంది ఇందులో. మూత్రాశయం గోడలు సాగుతాయి, సాగిన కబురు వెన్నుపాముకు పోతుంది, అక్కడి నుంచి లోపలి కండరానికి ఇక వదలమని ఆజ్ఞ వస్తుంది, అది మన మాట వినే రకం కాదు. బయటి కండరం వింటుంది. ఆడదాని పరువంతా ఆ బయటిదాని చేతిలోనే ఉంది. చిన్నప్పటి నుంచి దానికి నేర్పినంత చదువు ఇంకే అవయవానికీ నేర్పలేదు, పెళ్లిళ్లలో, బస్సుల్లో, పరీక్ష హాళ్లలో, కాసేపు ఓర్చుకోవే అని అమ్మ అన్నప్పుడల్లా అన్నది దాన్నే. వేములవాడ పోతున్నామంటే అమ్మ ముందురోజు సాయంత్రమే నీళ్లచెంబు మాకందకుండా పైన పెట్టేది. తాగితే దారిలో అడుగుతారు, అడిగితే ఎక్కడ ఆపుతారు, ఆపినా ఎక్కడ కూర్చుంటారు. నాన్నకు ఆ బాధ లేదు, బస్సు ఆగిన ప్రతిచోటా దిగేవాడు, ఏ గోడైనా ఆయన సొంతమే. ఇప్పుడూ అంతే, ఆ లారీ డ్రైవర్‌ను చూడు, ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు అని ఎర్రరంగుతో రాసిన గోడ దగ్గరికే తాపీగా నడిచిపోయాడు, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుకుంటూ. ఓరి నీ ఇల్లు బంగారంగానూ! మొగిలి కూడా ఇందాక "ఇప్పుడే వస్త మేడం" అని అటువైపే మాయమై వచ్చాడు. నేను ఇటువైపు కిటికీలోంచి చాలా శ్రద్ధగా ఒక హోర్డింగ్ చదివాను. అందులో ఒక అమ్మాయి మినరల్ వాటర్ తాగుతోంది.

ప్రయత్నం చెయ్యలేదని కాదు. ఎడమ పక్కనే అద్దాల బిల్డింగ్, ఎన్ని అంతస్తులో, ప్రతి అంతస్తులోనూ తెల్లటి టైల్స్‌తో, చేయి పెడితే నీళ్లొచ్చే కుళాయిలతో ఎన్ని ఉంటాయో, అన్నీ ఖాళీగా. దిగి గేటు దాకా వెళ్లాను. సెక్యూరిటీ అతను లేచి నిలబడి, ఐడీ కార్డ్ చూపియ్యమన్నాడు. మెడలోది చూపించాను. "గిది మాది గాదు మేడం. ఇయ్యాల లోపట ఎవ్వలు లేరు, ఎవ్వల్ని పంపొద్దన్నరు." జర అర్జెంటు అన్నా అన్నాను. "ఎవర్ని గలవాలె మేడం?" అని అడిగాడు పాపం, సాయం చేద్దామనే. ఎవరిని కలవాలని చెప్పను! కుర్రవాడు, ముఖంలో మంచితనం ఉంది, ఒక్కమాట చెప్పి ఉంటే బహుశా పంపేవాడు. ఆ ఒక్కమాట నా నోట రాలేదు. మనిషి ఒంట్లో ఉన్న ఎముకలన్నీ వరసగా చెప్పగలను, మూత్రపిండం లోపలి బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాను, కిక్కిరిసిన క్లాసులో మగపిల్లలు కిసుక్కుమంటే డస్టర్ బల్లమీద కొట్టి మళ్లీ అదే పాఠం చెప్పినదాన్ని, బాత్రూమ్ ఉందా అని అడగలేకపోయాను. అతని వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో ఇంకో ఇద్దరు మగవాళ్లు కూర్చుని నన్నే చూస్తున్నారు మరి. ఎవర్నీ లేదులే అని వచ్చేశాను. ఇక సీతారామయ్యగారిని ఏమనాలి? ఆయనకు నోరు పెగలదని ఆఫీసంతటినీ నవ్వించింది నేనే కదా. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వితే మరీ ప్రమాదమని ఆపుకున్నాను.

కారెక్కగానే కిటికీ మీద టకటకా చప్పుడు. ఒక పెద్దామె, నెత్తిన కొంగు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతిలో స్టీలు బిందె, బిందె మీద గ్లాసు. "ఎండల కూసున్నవ్ బిడ్డా, నీళ్లు తాగు. బువ్వ గూడ అయితాంది." వంటావార్పు వాళ్లది, ఆగిన బండి బండికీ తిరిగి నీళ్లు పోస్తోంది. వద్దు పెద్దమ్మా అన్నాను. "గట్లంటవేంది, ముఖమంత గుంజుకపోయింది, ఒక గుక్క తాగు." వద్దంటే వద్దు అన్నాను, గొంతు కొంచెం పెరిగింది కూడా. ఆమె గ్లాసు వెనక్కి తీసుకుని నన్నొకసారి పైకీ కిందికీ చూసి వెనక బండి దగ్గరికి పోయింది. "రుక్కమ్మ, గా సందుల్నే ఇల్లు," అన్నాడు మొగిలి, "పొద్దటి సంది ఆగుతలేదు మేడం ఆమె." గ్లాసు అంచు నుంచి ఒక చుక్క కిటికీ అద్దం మీద పడి మెల్లగా కిందికి జారుతోంది. నేను దాన్ని చూడదలచుకోలేదు, అయినా చూశాను.

గ్లాసు వద్దన్నది నేనొక్కదాన్నేనా. వానాకాలం మొదట్లో, బళ్లింకా నడుస్తున్నప్పుడు, కొండాపూర్ అవతల ఒక సర్కారు బడిలో ఈ గేమ్ ఆడించి చూశాం. నాలుగు లాప్‌టాప్‌లు, ఒక్కోదాని చుట్టూ ఒక గుంపు. మగపిల్లలు ఎగబడి గ్లాసును టకటకా నొక్కేశారు, నీలం గీత చటుక్కున పైకెక్కింది, గంట మోగింది, ఒకటే నవ్వులు, ఒకటే గోల. పక్క బెంచీ ఆడపిల్లలు మాత్రం గ్లాసు ముట్టడం లేదు. చిట్టి పెదాలు ఎండిపోతున్నాయి, మూత్రపిండాల రంగు నల్లబడుతోంది, వాళ్లు చేతులు కట్టుకుని తృప్తిగా తెరకేసి చూస్తున్నారు, అప్పటికే గెలిచినట్టు. సాయిచంద్ కంగారుపడ్డాడు. మౌస్ చెడిపోయిందనుకుని మౌస్ మార్చాడు. ప్రోగ్రామ్‌లో తప్పేమోనని తెరిచి చూశాడు. చివరికి తనే గ్లాసు నొక్కాడు, నీలం గీత కాస్త ఎక్కింది. "అయ్యో సార్, ఎందుకు తాపిచ్చిన్రు!" అని పిల్లలంతా ఒక్కసారి అరిచారు. పింకీ అని ఒక పిల్ల, తాపీ మేస్త్రీ కూతురట, లేచి నిలబడి అతనికి పాఠం చెప్పినట్టు చెప్పింది. "తాగితే గీత ఎక్కుతది సార్. ఎక్కితే గంట గొడ్తది. గంట గొడ్తే ఓడిపోతం. తాగకుంటే ఏం గాదు." మరి చిట్టికి దాహం వెయ్యదా అన్నాడు సాయిచంద్. "ఇంటికి వోయినంక తాగుతది."

ఇంటికి పోయాక తాగుతుంది. ఎంత మామూలుగా అన్నది. మీరూ అంతేనా అని అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. పొద్దున తాగి రారు, బళ్లో తాగరు, మధ్యాహ్నం అన్నం తిన్నాక నోరు తడుపుకుంటారు, అంతే. బడి వెనక ఒక గది ఉంది, గదికి తలుపు ఉంది, తలుపుకు గొళ్లెం లేదు, మగపిల్లలు బయటి నుంచి రాళ్లు వేస్తారు. సాయిచంద్ అటు తిరిగి లాప్‌టాప్ వైరు చుట్టడం మొదలుపెట్టాడు, చుట్టిందే విప్పి మళ్లీ చుట్టాడు. అతనికి ఇద్దరు చెల్లెళ్లు. తిరిగొస్తుంటే, కొత్తగూడ దాటాక, "అక్కా, మనమే ఆట తప్పు రాసినం" అన్నాడు. నిజం. గీత నిండితే ఓటమి అని రాసింది మేమే. పిల్లలు దాన్ని సరిగ్గా అర్థం చేసుకుని, ఇంట్లో నేర్చిన తెలివితోనే ఆడారు. చివరి లెవెల్ అక్కడ పుట్టింది. నిండటం ఓటమి కాదు, నిండినప్పుడు వేలెత్తి పోయి రావడం గెలుపు. మళ్లీ తీసుకెళ్లి ఆడిస్తే పింకీ ఒక్కటే పేచీ పెట్టింది. "టీచర్, గా తలుపుకు లోపట గొళ్లెం పెట్టున్రి." బొమ్మ ఉంటే చాలదట, పడ్డ చప్పుడు వినపడాలట. సాయిచంద్ వాళ్ల ఇంటి గొళ్లెం చప్పుడును ఫోన్లో పట్టుకొచ్చి అందులో పెట్టాడు. టక్. ఆ టక్ విన్నాకే ఆ పిల్లలు గ్లాసు నొక్కారు. ఒక్కొక్కరూ వంతులేసుకుని చిట్టికి కడుపునిండా తాగించారు, ఇంక చాలే అంటే వినలేదు. ఇవాళ పన్నెండింటికి ఆ టక్‌ను కోసేస్తారు, మర్యాద కోసం.

టప్. టప్. ఇదేం చప్పుడు? గొళ్లెం కాదు. కుడి పక్కన ఎప్పుడొచ్చి ఇరుక్కుందో నీళ్ల ట్యాంకర్, వెనక గొట్టానికి కట్టిన గుడ్డలోంచి చుక్క చుక్కగా కారుతోంది. దేవుడా, నీకు నామీద ఇంత కక్ష ఎందుకు? కూకట్‌పల్లి నుంచి కొండాపూర్ దాకా జనం ఆ ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని కొట్టుకుంటారు, అది వచ్చి నా చెవి పక్కనే కారాలా? మొగిలి రేడియో పెట్టాడు, అందులో వాన పాట వస్తోంది, ఆపెయ్ బాబూ అన్నాను. తొంభైతొమ్మిది నుంచి వెనక్కి లెక్కపెడదామనుకున్నాను, ఎనభై దగ్గర తప్పిపోయాను. కాలు మీద కాలు వేశాను, తీశాను. ఒకవేళ ఆపుకోలేకపోతే? కంపెనీ కారు సీటు, మొగిలి చూస్తుండగా. రేపటి నుంచి ఆ ఆఫీసులో తలెత్తుకుని తిరుగుతానా, విసర్జక వ్యవస్థ మేడం అని ముసిముసిగా నవ్వుకోరూ? ముప్పై ఆరేళ్లదాన్ని, నాకొచ్చిన భయం మూడో తరగతి పిల్లది. లెక్కల సారు బోర్డు వైపు తిరిగి ఉంటే నేను వెనక బెంచీలో వేలెత్తి ఎత్తి, ఆయన తిరక్కపోతే వేలు దించి, మళ్లీ ఎత్తి. ఆయన తిరిగి చూశారో లేదో గుర్తులేదు. వేలు నొప్పి పుట్టింది మాత్రం గుర్తుంది.

మళ్లీ కిటికీ. రుక్కమ్మే, ఈసారి ఆకు విస్తట్లో వేడి అన్నం, పక్కన ఇంత పచ్చడి, ఇంకో చేతిలో అదే గ్లాసు. "కోపమొద్దు బిడ్డా, తిను," అన్నది. అద్దం దించాను. నోరు తెరిచాను. ముందు సీట్లో మొగిలి, పక్కన ట్యాంకర్ డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి ఇటే చూస్తున్నాడు, ఎదురుగా జంపఖానా మీద ఎంతమంది మగవాళ్లో. అప్పుడు నా కుడిచెయ్యి, నేను చెప్పకుండానే, కిటికీ అంచు దాటకుండా, కొంచెం పైకి లేచింది. మూడు వేళ్లు ముడిచి, బొటనవేలు వాటిమీద నొక్కి, చిటికెన వేలు ఒక్కటే. రుక్కమ్మ ఆ వేలును చూసింది. "ఓసి నీ!" అన్నది. "గిందుకా నీళ్లొద్దన్నవ్? పోవాల్నా?" తలూపాను. "గంటసేపాయె బిగవట్టుకోని కూసున్నవా? నోరు లేదా నీకు? దిగు, దిగు." విస్తరి మొగిలి ఒళ్లో పెట్టేసింది, గ్లాసు బానెట్ మీద పెట్టింది, నా చేయి పట్టుకుని లాగింది. నేను దిగి నడిచాను. నడిచానంటే ఏం నడక, మోకాళ్లు విడదీస్తే ఒట్టు. పొయ్యిల పక్కనుంచి, పొగలోంచి, జంపఖానా అంచు మీద నుంచి, జై తెలంగాణ అని ఎవరో మైకులో అంటుంటే జనమంతా జై అంటుంటే ఆ జై మధ్యలోంచి. "జరుగున్రి, జరుగున్రి, ఆడివిల్లకు పనుంది," అంటోంది రుక్కమ్మ గట్టిగా, నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఒక్కరూ నవ్వలేదు. గరిటె పట్టుకున్న ఆయన గరిటె పైకెత్తి పక్కకు జరిగి దారిచ్చాడు, అంతే.

అద్దాల బిల్డింగ్ గోడ పక్కనే సందు. ఇన్నేళ్లు ఈ రోడ్డున పోతున్నాను, ఇక్కడ సందుందని చూడనేలేదు. సందు తిరగ్గానే రోడ్డు చప్పుడు సగం తగ్గింది, పాత పెంకుటిళ్లు, ముంగిట్లో చామంతులు, తాడుమీద ఆరేసిన చీరలు, వాటి వెనక ఆకాశమంతా అద్దాలు. "మా జొన్నచేను ఉండె గాడ," అన్నది రుక్కమ్మ నడుస్తూనే ఆ అద్దాలవైపు చేయి విసిరి. "గిప్పుడు అండ్లకు పోవాల్నంటే కార్డు గావాల్నట. నిన్ను గూడ పంపలేగా? చూసిన, గేటు కాడ నిలవడి వొచ్చినవ్." చూసిందన్నమాట. ఇంటి వెనక రేకుల గది, రేకు తలుపు. "గొళ్లెం ఊడింది బిడ్డా, మా పిలగాండ్లు పెడ్తం పెడ్తమంటనే ఉన్నరు. నువ్వు పో, నేన్ తలుపుకు ఒరిగి నిలవడ్త. పొద్దటి సంది ఎంతమంది ఆడోళ్లో వొచ్చిపోయిన్రు, నేనే కావలి." తలుపు మూసి దానికి వీపు ఆనించింది, రేకు కొంచెం లోపలికి వంగింది. నిండా నీళ్లున్న డ్రమ్ము, ఎర్ర మగ్గు, అరిగిపోయిన సబ్బు, గూట్లో ఎవరిదో దువ్వెన. ఇంత అందమైన గదిని నేనెక్కడా చూడలేదు.

కూర్చున్నాక రాలేదు. అవును, రాలేదు. అంతసేపు బతిమాలి బిగబట్టించిన కండరం ఇప్పుడు వదలమంటే వదలదు, దానికి తెలియదు మరి, ఇన్నేళ్లలో దానికి నేర్పింది బిగబట్టడమే. ఎవరైనా తోసుకుని వస్తారేమో, రాయి వేస్తారేమో. "ఫికర్ జెయ్యకు," అన్నది రేకు అవతలి నుంచి రుక్కమ్మ, ఎట్లా తెలిసిందో, "నేనున్న గద. నిమ్మలంగ." ఆ తర్వాత ఎవరితోనో, పప్పుల ఉప్పెయ్యమని చెప్పున్రి, నేను వొచ్చేదాకా ఆగొద్దన్రి, అని కేక పెట్టింది. పప్పులో ఉప్పు మాట విన్నానో లేదో వదిలింది. అబ్బ. అమ్మా. ఎంత హాయి, ఎంత హాయి, దీనికి సాటి ఏదైనా ఉందా ప్రపంచంలో, పరీక్ష పాసైనప్పుడు గానీ, మొదటి జీతం తీసుకున్నప్పుడు గానీ, ఇంత హాయిగా ఉందా? భుజాలు దిగాయి, దవడలు వదులయ్యాయి, ఇంతసేపు పళ్లు కరిచిపట్టుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. అయిపోతుందనుకుంటే అవలేదు, ఇంకా ఉంది, ఇంకా ఉంది, సగం టీకి ఇంతా? రేకు సందులోంచి ఎండ గీతలాగా పడి డ్రమ్ములో మెరుస్తోంది. పింకీ గుర్తొచ్చింది. గొళ్లెం లేని ఆ గదికి వాళ్లు ఇద్దరిద్దరు పోతారని చెప్పింది, ఒకతి లోపల, ఒకతి తలుపు పట్టుకుని. ఎందుకు మరిచిపోయాం ఆ ముక్క? మేం పెట్టిన గొళ్లెం ఎన్ని బళ్లల్లో ఉంటుంది? తలుపు పట్టుకునే స్నేహితురాలు మాత్రం ప్రతి క్లాసులోనూ ఉంటుంది. చిట్టి పక్క బెంచీలో ఒక పిల్లను కూర్చోబెట్టాలి. చిట్టి చిటికెన వేలు ఎత్తగానే ఆ పిల్లా లేవాలి. సాయిచంద్ ఇప్పుడెక్కడ చేస్తాను అక్కా అని మొత్తుకుంటాడు, చేస్తాడు. కానీ కోసేస్తే ఏం చేస్తాడు. మగ్గుతో నీళ్లు పోశాను, ఇంకో మగ్గు పోశాను, ముఖం కూడా కడుక్కున్నాను.

బయటికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. సీతారామయ్యగారు. పన్నెండు అయిపోయిందేమో, కోసేశారేమో. "రేణుక గారూ, ఎక్కడున్నారండీ?" గొంతు అదోలా ఉంది, సన్నగా, బిగిసిపోయి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను సార్ అందామనుకున్నాను, మర్యాదగా. రుక్కమ్మ ఇంకా తలుపుకు ఆనుకునే ఉంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. ఏం మర్యాద ఇంక, నాకు? "సార్, నేను మూత్రానికి వచ్చాను," అన్నాను. "రోడ్డు మీద ఇరుక్కుని, ఎవర్నీ అడగలేక, ప్రాణం మీదికి తెచ్చుకుని, ఇప్పుడే ఒక పెద్దమ్మ వాళ్లింట్లో పోయొచ్చాను. అడగడం నాకే రాలేదు సార్, ఈ వయసులో, ఈ చదువు చదివి. ఆ పిల్లలకు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ లెవెల్ తియ్యడానికి వీల్లేదు." అనేశాను. పొద్దున పేర్చుకున్న మాటలు ఇవి కావు. అటునుంచి హారన్లు వినపడుతున్నాయి. ఎవరికీ వినపడకూడదన్నట్టు, "ఎక్కడండీ?" అన్నారు.

నాకు అర్థం కాలేదు, ఏది సార్ అన్నాను. "అదేనండీ. ఆ పెద్దమ్మగారి ఇల్లు." అన్నారు. "నేను ఫ్లైఓవర్ మీదున్నానండీ. సైబర్ టవర్స్ దగ్గర, సరిగ్గా నడిమధ్యన. రెండు గంటలైందండీ. పైన గోడ కూడా లేదు, చుట్టూ అద్దాలేనండీ." నవ్వు తన్నుకొచ్చింది, ఇప్పుడు నవ్వినా ప్రమాదం లేదు, అయినా ఆపుకున్నాను, పాపం అనిపించింది, నిజంగానే. సార్, కారు అక్కడే డ్రైవర్‌కు వదిలేసి దిగి రండి, రైల్వే బ్రిడ్జి వైపు, వంటావార్పు దగ్గరికి, అన్నాను. "నన్ను వాళ్లు...?" అన్నారు, మాట పూర్తిచెయ్యలేదు. ఫోన్ పక్కకు పెట్టి, మా సారు పెద్దమ్మా, తెనాలి, ఆయనకూ నాలాగే అయింది, రావచ్చునా అని అడిగాను. రుక్కమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఆంధ్రా సారైతేంది, ఆయనకు కడుపు లేదా? జల్ది రమ్మను. తలుపు కాడ మీ డ్రైవర్‌ను నిలవెడ్దం." ఆ మాట ఆయనకు వినపడే ఉంటుంది. "వస్తున్నానండీ," అన్నారు. తర్వాత గబగబా, "సాయిచంద్‌కు నేనే చెప్తానండీ. ఆ... ఆ మూత్రం లెవెల్ ఉంచమని." అనేశారు. ఫోన్ పెట్టేశారు.

సందు మలుపులో నిలబడ్డాను. అవతల రోడ్డు మీద పప్పు దించారు, విస్తళ్లు వేస్తున్నారు, ట్యాంకర్ డ్రైవర్ కూడా దిగి బంతిలో కూర్చున్నాడు. బండ్లు ఇంకా కదల్లేదు, కదలకపోతే పోనీ, నాకిప్పుడు తొందరేముంది. ఒళ్లంతా తేలిగ్గా, కాళ్లు నావి కానట్టుగా ఉన్నాయి. రుక్కమ్మ లోపలికి వెళ్లి, కుండలోంచి గ్లాసు ముంచి తెచ్చి నా ముందు పట్టుకుంది. మాదాపూర్ ఇంకా దూరమే. సాయంత్రం మళ్లీ ఇదే రోడ్డున ఇంటికి పోవాలి. తీసుకుని తాగాను. చల్లగా, మట్టివాసనతో గొంతులోంచి దిగుతుంటే ఎంత దాహంగా ఉన్నానో తెలిసింది, పొద్దుటి నుంచీ కాదు, ఎప్పటి నుంచో. గ్లాసు ఖాళీ అయింది.

"ఇంక పొయ్యాల్నా?" అన్నది.

"పొయ్యి పెద్దమ్మా," అన్నాను.